ముప్పై అంగల్లో పగిలిపోని గుండు

నేను మొట్టమొదట కాల్చిన దుప్పి ఆ తర్వాత మూడు గంటలు బతికింది.

ఈ మాట నేను నా భార్యతో తప్ప ఎవరితోనూ అనలేదు. తెలిసిన మనిషి ఇంకొకడు ఉన్నాడు గానీ, ఆయనకి నేను చెప్పనక్కర్లేకపోయింది. చివరి గంట ఆయన నా పక్కనే ఉన్నాడు. పక్కనే అంటే, ఆ రోజుల పద్ధతిలో, రెండు మీటర్ల అవతల.

మేము ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కనున్న ఆడమ్స్‌టౌన్‌లో అపార్ట్‌మెంటు ఖాళీ చేసి, నేస్ ఊరు దాటాక విక్లో కొండలు మొదలయ్యే చోట, ఒక రైతు పొలంలోని పాత ఇల్లు లీజుకి తీసుకున్నది 2020 జనవరిలో. నేను లీక్స్‌లిప్‌లో చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీర్ని. నా భార్య వరంగల్‌లో డాక్టరీ చదివి ఇక్కడ ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తోంది. పాపకి అప్పుడు తొమ్మిదేళ్ళు. దానికి ఆడుకోడానికి పెరడు కావాలని, మాకు కాస్త గాలీ వెలుతురూ కావాలని వచ్చాం. రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ పెట్టారు.

ఆ ఇంటికి వెనకవైపు వేరే తలుపున్న గది ఒకటుంది. ఒకప్పుడు బూట్లూ బొగ్గూ పెట్టుకునేవారట. మార్చి నుంచి నా భార్య ఆ గదిలోనే బట్టలు మార్చుకుని, అక్కడే తిని, చాలా రోజులు అక్కడే పడుకునేది. పాప వంటింట్లో తలుపుకి ఆనుకుని కూర్చునేది. తలుపు అవతల నుంచి అమ్మ తెలుగులో అడిగేది. ఇది ఐరిష్ యాసలో ఇంగ్లిష్‌లో జవాబు చెప్పేది. కొన్నాళ్ళకి అడగడానికీ చెప్పడానికీ ఏమీ మిగల్లేదు. ఇద్దరూ ఊరికే అటొకరూ ఇటొకరూ కూర్చునేవాళ్ళు.

ఇంటి ఓనరు మా పెరటికి అవతలున్న చిన్న బంగళాలో ఒక్కడే ఉండేవాడు. డెబ్బై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తుంటి అరిగిపోయి కర్ర పట్టుకుని నడిచేవాడు. ఏప్రిల్‌లో జరగాల్సిన ఆపరేషను కరోనా వల్ల వాయిదా పడింది. మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటకూడదన్నారు కాబట్టి వారానికోసారి నేనే ఆయన సరుకులు తెచ్చి గేటు దగ్గర పెట్టేవాణ్ణి. ఆయన తన ముసలి కుక్కతో గేటు దాకా వచ్చి, నేను వెనక్కి జరిగాక సంచి తీసుకుని, కాసేపు మాట్లాడి పోయేవాడు. ఎలా ఉన్నారంటే "గ్రాండ్" అనేవాడు. తుంటి నొప్పికి మొహం వంకర పోతున్నా గ్రాండే.

నా దగ్గర రైఫిల్ ఉంది. ఈ మాటకి మనవాళ్ళు ఇప్పటికీ తెల్లబోతారు. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఒకతను ఒకసారి షూటింగ్ రేంజికి తీసుకెళ్ళాడు. వంద మీటర్ల దూరంలో, కాగితం మీద, అయిదు గుండ్లూ రూపాయి బిళ్ళంత చోట పడటం చూసి నాకు పిచ్చి పట్టుకుంది. మైక్రాన్లు కొలిచే ఉద్యోగం కదా. కోర్సు చేసి, ఫారాలు నింపి, మా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, పేరు రాసిచ్చి, గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఇంటికొచ్చి గోడకి బిగించిన ఇనప బీరువా చూసి వెళ్ళాక లైసెన్సు వచ్చింది. రెండేళ్ళు కాగితాల మీదే కాల్చాను. ప్రాణమున్న దేన్నీ కాల్చలేదు. కాల్చాలని అనుకోనూ లేదు.

అక్టోబరులో ఒకరోజు పెద్దాయన గేటు దగ్గర అడిగాడు.

"పై చేలో దుప్పులు చూశావా?"

"చూశాను. మా పాప లెక్కపెట్టింది కూడా. పద్నాలుగు."

"పాపకి ముచ్చటగానే ఉంటాయి. నా గోధుమ మొలక అంతా వాటి కడుపులోకే పోతోంది. నేను నాటిన ఓక్ మొక్కల బెరడు మొత్తం గీకేశాయి. కాలు బాగుంటే నేనే పోయేవాణ్ణి. కళ్ళు ఆనట్లేదని నా రైఫిల్ కూడా ఇచ్చేశాను." కుక్క తల నిమిరాడు. "నీ దగ్గరుంది కదా."

నేను ఆలోచిస్తానని అనాల్సింది. సరే అన్నాను. ఆ ఏడాది నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఏదో ఒక పనికొచ్చే పని చేస్తున్నారు. నా భార్య పొద్దున్న పోయి, మొహం మీద మాస్కు కోసుకుపోయిన గీతలతో తిరిగొస్తోంది. నాకు చేతనైన పని ఒకటి, ఒక మనిషి నోరు తెరిచి అడిగాడు. దుప్పుల వేట లైసెన్సు తెప్పించుకున్నాను. తన పొలంలో కాల్చుకోవచ్చని ఆయన కాగితం రాసిచ్చాడు. ఆడ దుప్పుల్ని కాల్చనిచ్చేది నవంబరు నుంచి.

"ఏ తూటాలు వాడతావు?" అన్నాడు కాగితం ఇస్తూ.

"మంచివే," అన్నాను.

నా దగ్గరున్న డబ్బా మీద నక్క బొమ్మ ఉంది. నా రైఫిల్‌లో అన్నిటికంటే సూటిగా పోయేవి అవే. తేలికపాటి గుండు, విపరీతమైన వేగం, పల్చటి రాగి తొడుగు లోపల మెత్తటి సీసం. కాగితం మీద ఒకే చిల్లులో మూడు దూరేవి. నక్కలకీ కాకులకీ అని డబ్బా మీదే రాసుంది. నేను చదివాను. సరైన చోట తగిలితే ఏదైనా చస్తుంది, సరైన చోట కొట్టడం నాకు వచ్చు అనుకున్నాను.

నవంబరు మధ్యలో, సెలవున్న రోజు, తెల్లారగట్ల బయల్దేరాను. పొలం గట్టు వెంట ముళ్ళ కంచె, దాని వెనక స్ప్రూస్ చెట్ల తోపు. చేను అవతలి చివర కనిపిస్తాయని నేను దూరానికి సిద్ధపడి కూర్చున్నాను. అవి నా వెనక తోపులోంచి వచ్చాయి. కొమ్మ విరిగిన చప్పుడుకి తల తిప్పేసరికి ఒక ఆడ దుప్పి, ముప్పై అంగల దూరంలో, చెట్ల సందులో నిలబడి నా వైపే చూస్తోంది. కాస్త ఏటవాలుగా, ముందరి జబ్బ నాకేసి పెట్టి. దాని వెనక ఆ ఏటి పిల్ల. నేను రైఫిల్ మెల్లగా తిప్పి, జబ్బ మీద గురిపెట్టి కాల్చాను.

గుండు గురిపెట్టిన చోటే తగిలింది. ఆ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు.

దుప్పి ముందుకాళ్ళ మీద కూలబడింది. లేచింది. ఒక కాలు తోలు తాడులా వేలాడుతుండగా, మూడు కాళ్ళ మీద తోపులోకి పరిగెత్తింది. పిల్ల వెనకే పోయింది. నేను ఇంకో తూటా ఎక్కించేలోపు చెట్లు తప్ప ఏమీ లేవు.

కాసేపు ఆగి వెతకమని కోర్సులో చెప్పారు. ఆగాను. తర్వాత వెళ్ళి చూస్తే ఆకుల మీద నెత్తురూ, తెల్లటి ఎముక ముక్కలూ ఉన్నాయి. నురగ లేదు. ఊపిరితిత్తులకి తగిలితే నురగ నెత్తురు ఉంటుంది. వంద అంగలు పోయేసరికి నెత్తురు చుక్కలు కూడా తగ్గిపోయాయి. స్ప్రూస్ తోపులో కింది కొమ్మలు ఎండి ముళ్ళలా ఉంటాయి. వంగి, పాకి, గంటన్నర తిరిగాను. మొహం నిండా గీరుకుపోయింది. ఆఖరికి పెద్దాయనకి ఫోన్ చేశాను.

"దెబ్బ తిన్నది పోయింది," అన్నాను.

"కదలకు. నెత్తురు తొక్కకు. వస్తున్నా."

ఆ తుంటితో, ఆ బురదలో, గడప దాటకూడని మనిషి, మాస్కు కట్టుకుని, ఒక చేత్తో కర్రా ఒక చేత్తో కుక్క తాడూ పట్టుకుని వచ్చాడు. పొలం దాటడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. నేను దగ్గరికి పోబోతే కర్ర అడ్డం పెట్టి, దూరంగా ఉండమన్నట్టు చూపించాడు. కుక్కకి ఆఖరి నెత్తురు చుక్క చూపించి తాడు వదిలాడు. అది ముక్కు నేలకి ఆనించి, ముసలి నడకతో, తొందరేమీ లేకుండా పోయింది. మేం దాని వెనక. ఆయన రెండుసార్లు కూలబడ్డాడు. రెండుసార్లూ నేను చెయ్యి అందించబోయి ఆగిపోయాను. పట్టుకోవచ్చో లేదో అప్పట్లో మాకెవరికీ తెలియదు.

తోపు మధ్యలో నీళ్ళు పోవడానికి తవ్విన కాలవలో ఉంది దుప్పి. పొట్ట దాకా నీళ్ళల్లో పడుకుని ఉంది. మమ్మల్ని చూసి తల ఎత్తింది. లేవబోయి లేవలేకపోయింది. పిల్ల కాలవ అవతల గట్టు మీద నిలబడి ఉంది.

"మెడ మీద," అన్నాడు పెద్దాయన. "త్వరగా."

నాలుగు మీటర్ల దూరం నుంచి కాల్చాను. పిల్ల పారిపోయింది.

ఆయన చాలాసేపు కర్ర మీద వాలి ఊపిరి పీల్చుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ముందు పిల్లని కొట్టాలి, తర్వాత తల్లిని," అన్నాడు. "వినడానికి బాగుండదు. కానీ అంతే." ఆ పిల్ల తర్వాత ఏమైందో నాకు తెలియదు. రెండు రోజులు పొద్దున్నే గట్టు మీద ఒంటరిగా కనిపించింది. మూడో రోజు లేదు.

దుప్పిని ట్రాక్టరుకి కట్టి కొట్టంలోకి తెచ్చాక, ఆయన వాకిట్లో నిలబడే జబ్బ కోసి చూడమన్నాడు. తోలు తీశాను. అరచెయ్యి పట్టేంత గొయ్యి. అందులో మాంసం గుజ్జయిపోయి ఉంది. గుజ్జులో నువ్వుగింజలంత రాగి ముక్కలు, సీసం పొడి, ఎముక చెక్కలు. వేలితో లోపలికి తడిమాను. పక్కటెముకల మీద చిన్న గీత కూడా లేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా, గులాబి రంగులో ఉన్నాయి.

"లోపలికి పోనే లేదు," అన్నాను.

"ఆ డబ్బా ఒకసారి చూపించు."

జేబులోంచి తీసి చూపించాను. ఆయన అంత దూరం నుంచి నక్క బొమ్మ చూశాడు. నా మొహం చూశాడు. "మంచివే అన్నావు," అన్నాడు. అని, కుక్కని పిలుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నా భార్య డ్యూటీ నుంచి వచ్చి వెనక గదిలో బట్టలు మార్చుకుంటుంటే, నేను తలుపు ఇవతల కూర్చున్నాను. పాప పైన టీవీ చూస్తోంది.

"ఏమైంది? గొంతు గట్లున్నదేంది?" అంది లోపల్నుంచి.

చెప్పాను. ఏదీ దాచలేదు. నక్క డబ్బా సంగతి కూడా.

"మూడు గంటలా?"

"ఆ."

బూట్లు పక్కన పెట్టిన చప్పుడయ్యాక అంది. "ఇయ్యాల మా వార్డుల ఇద్దరు పోయిండ్రు. ఒకాయన పొద్దటి నుంచి ఊపిరి కోసం కొట్టుకున్నడు. మేం చేయాల్సిందంతా చేసినం. నువ్వు చేయాల్సింది చెయ్యలే. గంతే తేడా." కోపంగా అనలేదు. అలసిపోయిన గొంతుతో, కేస్‌షీటు చదివినట్టు అంది. "సరిగ్గ చేసుడు నేర్చుకో. లేకుంటే అమ్మెయ్. మధ్యల ఇంకోటి లేదు."

మర్నాడు తుపాకుల షాపతనికి ఫోన్ చేశాను. షాపు మూసుంది గానీ, ముందుగా ఆర్డరు చెప్తే గుమ్మం దగ్గర ఇస్తున్నాడు. నక్క తూటా దుప్పి జబ్బ దాటలేదని మాత్రం చెప్పాను.

"ఎంత దూరం?" అన్నాడు.

"ముప్పై అంగలు."

"ఆ దూరంలో గుండు ఇంకా తుపాకీ నోట్లోంచి బయటికొచ్చిన వేగంతోనే ఉంటుంది. దూరం పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. రెండొందల మీటర్లలో బాగా పనిచేసే గుండు కూడా దగ్గర్లో ఎముకకి తగిలితే చిట్లిపోవచ్చు. నీదైతే అసలు చిట్లడానికే చేసింది. నక్క చిన్న జంతువు, తాకగానే పగిలితే అక్కడికక్కడే పడిపోతుంది. దుప్పి జబ్బ మీద పగిలితే బయటే ఆగిపోతుంది. నీకు కావలసింది, విచ్చుకోవాలి గానీ విడిపోకూడదు."

నేను ఫ్యాక్టరీలో సప్లయర్లని అడిగినట్టు ప్రశ్నలు వేశాను. ఓపిగ్గా చెప్పాడు. మామూలు గుండులో రాగి తొడుగూ లోపలి సీసమూ వేర్వేరు, గట్టి ఎముక తగిలితే తొడుగు ఊడొస్తుంది. ఇంకో రకంలో రెండింటినీ కరిగించి అతికిస్తారు, నలిగినా విడిపోవు. మూడోది అచ్చంగా రాగి, సీసమే ఉండదు. బరువైన గుండు కాస్త నెమ్మదిగా పోతుంది, దగ్గర్లో అదే మేలు. "నీ రైఫిల్‌కి ఏది పడుతుందో మాత్రం నేను చెప్పలేను. కాల్చి చూసుకోవాల్సిందే." మూడు రకాలూ ఒక్కో డబ్బా తెచ్చుకున్నాను. ఆయన నా లైసెన్సు కాగితం దూరం నుంచే చూసి, డబ్బాలు గుమ్మం మీద పెట్టి వెనక్కి జరిగాడు.

పెద్దాయన ఆ వారం సరుకులు తీసుకోడానికి వచ్చినప్పుడు డబ్బాలు చూపించాను. ఆ రోజు తర్వాత ఆయన మొదటిసారి కాస్త మామూలుగా చూశాడు నన్ను.

"వీటి మీద రాసింది నమ్ముతావా?"

"నమ్మను. చూడాలి."

"కొట్టంలో పాత పేపర్లున్నాయి."

పదేళ్ళ వ్యవసాయ పత్రికలు ఉన్నాయి అక్కడ, తాడుతో కట్టలు కట్టి. పారెయ్యడం ఆయనకి చేతకాదు. వాటిని పశువుల నీళ్ళ తొట్టిలో రాత్రంతా నానబెట్టి, దాణా సంచుల్లో కుక్కి, పాత ఇసక గొయ్యిలో మట్టి గోడకి ఆనించి, ఒకదాని వెనక ఒకటిగా రెండేసి చొప్పున పెట్టాను. నేస్‌లో మాంసం కొట్టు నుంచి ఎద్దు కాళ్ళ ఎముకలు తెచ్చి ఒక్కో జత ముందూ ఒకటి కట్టాను. పెద్దాయన ఒక కుర్చీ తెప్పించుకుని గొయ్యి పైన, చెవులకి పాత రక్షణ డిప్పలు పెట్టుకుని కూర్చున్నాడు. వాన తుంపర పడుతోంది. ముప్పై అంగలు కొలిచి, పడుకుని కాల్చాను.

మొదట నక్క తూటా. ఎముక పగిలింది. సంచిలో బెత్తెడు లోతులోనే ఆగిపోయింది. తడి కాగితాల్ని పొరలు పొరలుగా విప్పితే అదే రాగి నలుసులు, అదే సీసం పొడి. ఆ గొయ్యి నాకు తెలుసు. కాగితాలు పక్కన పడేశాను.

మామూలు గుండు ఇంకొంచెం లోతు పోయింది. తొడుగు ఒకచోట దొరికింది, సీసం ముద్ద ఇంకోచోట. పాప కాఫీ తూకం అని పిలిచే చిన్న త్రాసు తెచ్చుకున్నాను. తూస్తే సీసం ముద్ద, ఉండాల్సిన బరువులో సగం కూడా లేదు.

అతికించిన గుండు రెండో సంచి చివర దొరికింది. పుట్టగొడుగులా విచ్చుకుని, ఒకవైపు నలిగి, చూడ్డానికి వికారంగా ఉంది. కానీ ఒకటే ముక్క. కాల్చకముందు ఆరున్నర గ్రాములు, తీశాక ఆరుకి కాస్త తక్కువ. దాన్ని పైకెత్తి చూపించాను. పెద్దాయన బొటనవేలు ఎత్తాడు.

అచ్చ రాగిది రెండు సంచులూ దాటి మట్టిగోడలోకి పోయింది. తవ్వి తీశాను. నాలుగు రేకులుగా విచ్చుకుని ఉంది. ఒక రేకు లేదు.

"అది తీసుకో," అన్నాడు పెద్దాయన. "సీసం ఉండదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, మాంసం తింటుంది."

నాకూ అదే మంచిదనిపించింది. కానీ వంద మీటర్లలో కాగితం మీద కాల్చి చూస్తే నా రైఫిల్‌లో ఆ రాగి గుండ్లు అరచెయ్యంత వెడల్పున చెదిరిపోయాయి. గొట్టం శుభ్రం చేసి మళ్ళీ కాల్చి చూసినా అంతే. అతికించిన గుండు మూడు వేళ్ళ వెడల్పులో పడింది. నక్క తూటాలు పడే రూపాయి బిళ్ళతో పోలిస్తే అది నాకు చిన్నతనంగా ఉంది. రెండేళ్ళు నేను మురిసిపోయింది ఆ బిళ్ళ చూసుకునే. కాగితం మీద అన్నిటికంటే బాగా పడే గుండుని వదిలేసి, బాగా పడని గుండుని ఎంచుకోవడానికి ఆ సాయంత్రమంతా నాతో నేనే వాదించుకున్నాను. దుప్పి జబ్బ మూడు వేళ్ళకంటే వెడల్పే. చివరికి అతికించినదే ఖాయం చేశాను. గాయం చుట్టూ జానెడు మాంసం కోసి పారేయాలని, పాపకి వెనక తొడ తప్ప పెట్టకూడదని నా భార్య షరతు పెట్టింది. తీరా వండాక పాప ఏదీ తినలేదు. "అయామ్ నాట్ ఈటింగ్ దట్, డాడీ," అని ప్లేటు జరిపేసింది.

డిసెంబరు మొదట్లో, తోపు పక్కనే, పాతిక అంగల దూరంలో ఒక ఆడ దుప్పి వచ్చింది. వెంట పిల్ల లేదు. వెనక ఇంకేదీ లేదని చూసుకున్నాను. దాదాపు అదే ఏటవాలు. చాలాసేపు కాల్చలేకపోయాను. అది తల వంచి మేస్తోంది. చలికి దాని ఊపిరి కనిపిస్తోంది. కాల్చాను. అది మూడు అంగలు పరిగెత్తి, పక్కకి ఒరిగి, కాళ్ళు రెండుసార్లు ఆడించి ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళేసరికి కళ్ళు కదలడంలేదు. కోసి చూస్తే గుండు జబ్బ ఎముక విరగ్గొట్టి, రెండు ఊపిరితిత్తుల్లోంచీ పోయి, అవతలి పక్క నుంచి బయటికి పోయింది.

నాకేమీ సంతోషం వేయలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఉండిపోయాను, అంతే. కాలేయమూ ఒక వెనక తొడా గుడ్డలో చుట్టి పెద్దాయన గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి వెనక్కి జరిగాను.

"ఎంత దూరం పోయింది?" అన్నాడు.

"మూడు అంగలు."

తలూపాడు. "అలా చెయ్యాలి," అన్నాడు.

ఆ నెలలో ఇంకో మూడు కొట్టాను. ఒకటి పిల్ల. ముందు పిల్లని, తర్వాత తల్లిని. దాని గురించి రాయను.

క్రిస్మస్‌కి ఆంక్షలు సడలించారు. డబ్లిన్ నుంచి ఆయన మేనల్లుడు భార్యాపిల్లలతో వచ్చి ఒక పూట ఉండి వెళ్ళాడు. జనవరి మొదటివారంలో ఒక పొద్దున ఆయన వంటింటి కర్టెన్ తియ్యలేదు. కరోనా ఎవరి నుంచి అంటుకుందో తెలియదు. నేను గేటు దగ్గర పెట్టిన సంచి నుంచే అయుండొచ్చు. రోజూ ఫ్యాక్టరీకి పోయొచ్చేవాణ్ణి నేనే కదా. ఫోన్ చేస్తే "గ్రాండ్" అన్నాడు గానీ ఆ ఒక్క మాటకి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

నా భార్య డ్యూటీకి బయల్దేరబోతోంది. గౌనూ మాస్కూ అన్నీ తొడుక్కుని లోపలికి వెళ్ళింది. నేను కిటికీ బయట. ఆయన వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు చూసి, కిటికీలోంచి నా వైపు చూసి ఫోన్ చెయ్యమన్నట్టు సైగ చేసింది. అంబులెన్సు వచ్చింది. ఎక్కించేటప్పుడు ఆయన నాతో, "కుక్కకి పొద్దున పూట అన్నం పెట్టకు, కక్కేస్తుంది," అన్నాడు.

తొమ్మిదో రోజున వార్డు నర్సు ట్యాబ్‌లో వీడియో కాల్ కలిపింది. వెంటిలేటరు వద్దన్నాడట. ముక్కూ నోరూ మాస్కులో ఉన్నాయి. మొహం సగానికి సగమైపోయింది. నేను ఆయన చేలో, గట్టు మీద నిలబడి మాట్లాడుతున్నాను.

"గోధుమలో ఉన్నాయా?" అన్నాడు. ఆక్సిజన్ హోరులో మాట సరిగ్గా వినబడలేదు. మళ్ళీ అడిగాడు.

లేవని చెప్దామనుకున్నాను. "ఉన్నాయి. ఇవాళ పదకొండు," అన్నాను.

"మరి అక్కడ నిలబడి నాతో మాట్లాడతావేంటి?"

నర్సు నవ్వడం వినిపించింది. ఆయన నవ్వాడో లేదో మాస్కులో తెలియలేదు. ఆ తర్వాత రెండో రోజు పొద్దున పోయాడు. మేనల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. చర్చిలోకి పదిమందికే అనుమతి. చుట్టుపక్కల రైతులందరూ మా సందు పొడుగునా, ఒకరికొకరు దూరంగా, కంచెకి ఆనుకుని నిలబడ్డారు. మేము ముగ్గురం మా గేటు దగ్గర నిలబడ్డాం. నా భార్య సెలవు పెట్టింది. ఆ ఏడాదంతా అది ఆమె పెట్టిన మొదటి సెలవు. శవం కారు నెమ్మదిగా వచ్చి, ఆయన చేను ముందు ఒక నిమిషం ఆగి, వెళ్ళిపోయింది. పాప నా చెయ్యి పట్టుకుని తెలుగులో, "నాన్నా, ఇప్పుడు ఈయన్ని ఎక్కడ పెడతారు?" అంది. అంతకుముందు ఎన్ని నెలల కింద అది తెలుగులో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడిందో నాకు గుర్తు లేదు.

చనిపోయిన మనిషి రాసిచ్చిన అనుమతి చెల్లుతుందో లేదో తెలియక మేనల్లుణ్ణి అడిగాను. సీజను అయ్యేదాకా కానివ్వమని కొత్త కాగితం పంపాడు. ఫిబ్రవరి చివరి దాకా, సెలవున్న పొద్దుల్లో వెళ్ళాను. ఆ నెలలో రెండు కొట్టాను. చాలాసార్లు కోణం కుదరక, లేదా నాకే మనసొప్పక, ఉత్త చేతులతో వచ్చాను.

కుక్క ఏప్రిల్‌లో, మా వెనక గదిలో, నిద్రలో పోయింది. పొలం అమ్మకానికి పెట్టారు. లీజు అయిపోయాక ఆగస్టులో నేస్‌లో వరస ఇళ్ళుండే ఒక హౌసింగ్ ఎస్టేటులోకి మారాం. సామాను లారీ ఎక్కించే రోజున పై చేలో ఎవరో కంబైన్ మిషను పెట్టి గోధుమ కోస్తున్నారు. గట్టు వారన అక్కడక్కడా బోడిగా ఉంది గానీ, మొత్తం మీద పంట బాగానే వచ్చింది.